గెస్ట్ హౌస్‌తో పాటు గోల్ఫ్ కార్టు ఇస్తే బాధ్యత ఎవరిది? కోనసీమ హోమ్‌స్టే యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

దిండి, రాజోలు, అంతర్వేది వైపు తోటల్లో అద్దెకిచ్చే ఇళ్ళు పెరుగుతున్నాయి. పాత మండువా లోగిలి బాగుచేసి ఇస్తున్నవాళ్ళు కొందరు, కొబ్బరితోటలో నాలుగు కాటేజీలు కట్టినవాళ్ళు కొందరు. హైదరాబాదు నుంచి దిగే కుటుంబాలకు తోటంతా చూడాలని ఉంటుంది, ఆ ఎండలో, ఆ ఉక్కలో నడిచే ఓపిక ఉండదు. అందుకని బ్యాటరీతో నడిచే గోల్ఫ్ కార్టు ఒకటి కొని 'ఇంటితో పాటు బగ్గీ ఫ్రీ' అని ప్రకటన పెడుతున్నారు. ఫొటోల్లో బాగుంటుంది, బుకింగులూ వస్తాయి. బండి కొన్నాక, లేదా కొనబోయే ముందు యజమానులు అడిగే ప్రశ్నలు ఇవి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కార్టు ఉంచుకోండి, తాళం మాత్రం గెస్టు చేతికి ఇవ్వకండి. కారణాలు జవాబుల్లో ఉన్నాయి. మీ బండికి, మీ స్థలానికి కచ్చితంగా ఏది వర్తిస్తుందో కాగితాలు చూసి మీ వకీలు చెప్పాలి.

గోల్ఫ్ కార్టుకు రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు కావాలా?

చాలా సందర్భాల్లో కావాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(28) ప్రకారం యంత్రశక్తితో నడుస్తూ రోడ్డు మీద తిరగడానికి అనువుగా ఉన్నదేదైనా మోటారు వాహనమే. పెట్రోలా, బ్యాటరీనా అన్న పట్టింపు లేదు. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. పట్టాల మీద నడిచేవి, ఫ్యాక్టరీలోనో మరేదైనా మూసివున్న ఆవరణలోనో మాత్రమే వాడటానికి తయారైన ప్రత్యేక రకం బండ్లు, నాలుగు కంటే తక్కువ చక్రాలుండి ఇంజను 25 సీసీ దాటనివి. గోల్ఫ్ కార్టు అమ్మేవాళ్ళు పట్టుకునేది ఆ రెండోదాన్నే.

అయితే 'నేను లోపలే తిప్పుతున్నాను' అన్నంత మాత్రాన ఆ మినహాయింపు దొరకదు. బండి తయారీయే అలాంటిదై ఉండాలి. 2001లో బోస్ అబ్రహాం కేసులో సుప్రీంకోర్టు ఎక్స్‌కవేటర్లు, రోడ్డు రోలర్ల గురించి ఇదే తేల్చింది. రోడ్డు మీద నడవగల బండిని ఒక ఆవరణలోనే వాడుకుంటున్నంత మాత్రాన అది మోటారు వాహనం కాకుండా పోదంది. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, అద్దాలు పెట్టి 'రోడ్డు మీద కూడా భేషుగ్గా పోతుంది' అని అమ్మిన ఆరు సీట్ల బగ్గీకి ఆ మినహాయింపు అడగడం కష్టం. పైగా రిజిస్ట్రేషన్ గురించి చెప్పే సెక్షన్ 39లో 'బహిరంగ స్థలంలో గానీ, మరే చోట గానీ' అని ఉంది. అంటే మోటారు వాహనమని తేలితే మీ తోటలోపల తిప్పినా రిజిస్ట్రేషన్ అడగవచ్చు.

స్పీడు 25 దాటదు కాబట్టి లైసెన్సు అక్కర్లేదని షోరూం వాళ్ళు చెప్పారండి. నిజమేనా?

సగం మాట చెప్పారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్న బ్యాటరీ బండ్ల మినహాయింపుకు వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండటంతో పాటు మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండాలి. దాన్ని గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థ ధ్రువీకరించాలి. ఊళ్ళో ఆడపిల్లలు కాలేజీకి వేసుకెళ్ళే నంబరు ప్లేటు లేని చిన్న బ్యాటరీ స్కూటర్లు ఆ లెక్కలోవి. నలుగురిని మోసే గోల్ఫ్ కార్టు మోటారు కిలోవాట్లలో ఉంటుంది. షోరూం వాళ్ళు చెప్పిందే రైటని మీకు అనిపిస్తే, ఆ మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి.

మా తోట దాటి బయటికి వెళ్ళదు. అప్పుడు కూడా టెన్షన్ పడాలా?

ముందు మీ తోటకు ప్రహరీ ఉందో లేదో చూసుకోండి. కోనసీమ తోటల్లో ఎక్కువ వాటికి ఉండదు. ఒక పక్క పంటకాలువ, ఒక పక్క బోదె, ఇంకో పక్క పుంత, అంటే ఊరుమ్మడి బాట. ఆ పుంతలో పక్క తోటకి వెళ్ళే కొబ్బరి దింపు కార్మికులు, గేదెలు తోలుకెళ్ళే పిల్లలు, గుడికి అడ్డదారిన పోయే ఆడవాళ్ళు తరతరాలుగా నడుస్తుంటారు. చట్టంలో 'బహిరంగ స్థలం' అంటే జనానికి వెళ్ళే హక్కున్న దారి లేదా చోటు, అది రాజమార్గమైనా కాకపోయినా. రెవెన్యూ రికార్డుల్లో పుంతగా ఉన్నదాన్ని 'మా తోటలో దారి' అనడానికి వీల్లేదు.

ఆవరణ అంటే ఎలా ఉండాలో చెప్పడానికి మన రాష్ట్రం నుంచే ఒక తీర్పు ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం యార్డు లోపలే తిరిగిన వాహనాలకు మోటారు వాహనాల పన్ను కట్టాలా అన్న కేసులో 2025లో సుప్రీంకోర్టు అక్కర్లేదంది. అక్కడ చుట్టూ గోడ ఉంది, గేట్ల దగ్గర సాయుధ కాపలా ఉంది, బయటి జనానికి ప్రవేశం లేదు. అదీ పన్ను వరకే. మీ తోటకు వెదురు తడక గేటు ఉండి, అది కూడా రోజంతా తీసే ఉంటే ఆ తీర్పు చూపించి గట్టెక్కుతామనుకోవద్దు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. రోడ్డుకు ఇటు ఇల్లు, అటు చేపల చెరువు ఉన్నవాళ్ళు చాలామంది. పంచాయతీ రోడ్డు అడ్డంగా దాటడానికి పట్టేది పది సెకన్లే కావచ్చు. ఆ పది సెకన్లూ మీ బండి బహిరంగ స్థలంలో ఉన్నట్టే. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు మూడూ అప్పుడు ఉండి తీరాలి.

గెస్టు చేతికి తాళం ఇచ్చాక 'గేటు దాటొద్దండి' అన్న మాట ఎంతసేపు నిలుస్తుందో మీకు తెలిసిందే. అంతర్వేది బీచ్ దగ్గరే కదా అని బయల్దేరినవాళ్ళ సంగతి నేను విన్నాను. బ్యాటరీ అయిపోయాక ట్రాక్టరు కట్టి తెచ్చుకున్నారు. ఆ రోజు పోయింది ట్రాక్టరు కిరాయి ఒక్కటే.

మేము కార్టుకు విడిగా డబ్బు తీసుకోవడం లేదు, ఫ్రీగా ఇస్తున్నాం. ఫ్రీగా ఇచ్చినదానికి కూడా బాధ్యతేనా?

ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 150 ఒక వస్తువును ఇంకొకరి వాడకానికి అప్పగించినవాడి బాధ్యత గురించి చెబుతుంది. ఊరికే ఇస్తే, ఆ వస్తువులో మీకు తెలిసిన లోపాలు చెప్పాలి. తెలిసీ చెప్పకపోతే దానివల్ల జరిగిన నష్టం మీది. అద్దెకిస్తే మాత్రం లోపం మీకు తెలిసినా, తెలియకపోయినా బాధ్యత మీదే. బ్రేకు తీగ లోపల తుప్పు పట్టిందని నాకేం తెలుసు అన్నది జవాబు కిందకి రాదు.

మీరు 'ఫ్రీ' అన్నారు. అవతలి వకీలు మీ ప్రకటన ముందుపెట్టి, రోజుకు ఇన్ని వేలు తీసుకున్న గది అద్దెలోనే బగ్గీ కూడా ఉంది కదా అంటాడు. పక్కనే బగ్గీ లేని మీ రెండో కాటేజీ తక్కువ రేటుకు కనిపిస్తుంటే ఇక వాదించడానికి మీకేం మిగలదు. డబ్బు తీసుకున్న సేవలో లోపం కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్ళగలరు.

ఇదే మాటకు రెండో అంచు కూడా ఉంది. ఫ్రీ కాదు, అద్దెలో భాగమే అని ఒప్పుకుంటే బండిని కిరాయికి తిప్పుతున్నట్టు అవుతుంది. సొంత వాడకానికి రిజిస్టరు చేసిన బండిని అలా తిప్పడం నిబంధనలకు విరుద్ధం, ఇన్సూరెన్సు షరతుకూ విరుద్ధం. ఎటు నిలబడ్డా ఒక కాలు బురదలోనే. అందుకని ముందే రవాణా శాఖ ఆఫీసుకు వెళ్ళి, గెస్టుల కోసం వాడతానని దాచకుండా చెప్పి, ఏ తరగతిలో రిజిస్టరు చేయాలో కనుక్కోవడమే దారి. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేదని కేంద్రం 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది కాబట్టి ఆ పని మీరనుకున్నంత పెద్దది కాకపోవచ్చు.

చెక్-ఇన్ అప్పుడే 'ఏం జరిగినా యజమానికి సంబంధం లేదు' అని సంతకం పెట్టించుకుంటున్నాం. చాలదా?

చాలదు. ఆ కాగితం మీద అందరికీ ఉన్న నమ్మకం చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

మీ గెస్టు సంతకం పెట్టాడు సరే. రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యం తిరగేస్తున్న మనిషి ఎక్కడ సంతకం పెట్టాడు? బండి గుద్దింది ఆయన్నయితే మీ కాగితంతో ఆయనకు పనే లేదు. వెనక సీట్లో కూర్చున్న ఆరేళ్ళ పాప తరఫున తండ్రి పెట్టిన సంతకం కూడా ఆ పాప హక్కును పోగొట్టదు. పోలీసు కేసు సంగతి సరేసరి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద 5 సంవత్సరాల దాకా శిక్ష ఉంది. గాయాలైతే సెక్షన్ 125 ఉంది. జరగబోయే నేరాన్ని ముందే కాగితం రాసుకుని మాఫీ చేసుకునే పద్ధతి ఏ చట్టంలోనూ లేదు.

సంతకం పెట్టినవాడే గాయపడ్డా, మీ నిర్లక్ష్యాన్ని మొత్తం అతని నెత్తిన వేసే షరతును కోర్టు ఒప్పుకుంటుందని గ్యారంటీ లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఏకపక్షంగా ఉన్న ఒప్పందాలను అన్యాయమైన ఒప్పందాలుగా చూస్తుంది. వాటిని రాష్ట్ర కమిషన్‌లో సవాలు చేయవచ్చు.

అలాగని కాగితం మానెయ్యమనడం లేదు. దాన్ని వేరే పనికి వాడుకోండి. బాధ్యత వదిలించుకునే వాక్యాలకు బదులు ఏం చెప్పారో రాయండి: గేటు దాటకూడదు, నలుగురికి మించి ఎక్కకూడదు, పిల్లలను నడపనివ్వకూడదు, చీకటి పడ్డాక తీయకూడదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. లైసెన్సు కాపీ దానికి జత చేయాలి. మీరు జాగ్రత్త తీసుకున్నారని రేపు చూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది.

యాక్సిడెంటు అయితే ఎవరు ఎవరి మీద కేసు వేస్తారు?

దెబ్బ తగిలినవాడు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది.

బయటి మనిషికి తగిలితే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళతాడు. నడిపినవాడు, బండి యజమాని, ఇన్సూరెన్సు కంపెనీ ముగ్గురినీ పార్టీలుగా చేరుస్తారు. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 166 కింద నిర్లక్ష్యం రుజువు చేసి పూర్తి నష్టపరిహారం అడగవచ్చు (ఇక్కడి నుంచి చట్టం పేరు లేకుండా చెప్పే కొత్త సెక్షన్లన్నీ ఇందులోవే). సెక్షన్ 164 కింద అయితే తప్పు ఎవరిదని రుజువు చేయనక్కర్లేకుండానే ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. ఆ డబ్బు కట్టాల్సింది బండి యజమాని లేదా ఇన్సూరెన్సు కంపెనీ. ఇన్సూరెన్సు లేకపోతే మిగిలేది ఎవరో చెప్పక్కర్లేదు. సెక్షన్ 166 లెక్కలో సంపాదన, వయసు, ఆధారపడ్డవాళ్ళు అన్నీ చూస్తారు. నెలకు లక్షల్లో జీతమున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మీ బండి కింద పడితే పరిహారం కోట్లలోకి పోతుంది. తోట అమ్మినా సరిపోకపోవచ్చు.

బండిలో కూర్చున్న గెస్టుకు తగిలితే చిక్కు ఎక్కువ. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ ప్రైవేటు బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకు వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో చెప్పింది. ప్యాకేజీ పాలసీ, అంటే థర్డ్ పార్టీతో పాటు మీ బండి నష్టాన్ని కూడా కలిపి ఇచ్చే పూర్తి పాలసీ ఉంటే పరిస్థితి వేరు. 'థర్డ్ పార్టీ కట్టాం కదా' అని నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఇది చదువుకోవాలి. మీ బండిలో ఎక్కేవాళ్ళంతా గెస్టులే.

నడిపిన గెస్టే దెబ్బ తింటే, అడిగి తీసుకున్న బండి నడిపేవాడు యజమాని స్థానంలో నిలబడతాడని 2009లో నింగమ్మ కేసులో తీర్పు వచ్చింది. దాంతో ఇన్సూరెన్సు కంపెనీ నుంచి అతనికి థర్డ్ పార్టీగా పరిహారం వచ్చే దారి మూసుకుపోతుంది. ఆసుపత్రి బిల్లు పట్టుకుని ఇక వచ్చేది మీ దగ్గరికే, బ్రేకులు బాగాలేవనే మాటతో.

ఏ ఇన్సూరెన్సు తీసుకోవాలి? ఇంటి పాలసీలో ఇది కూడా వస్తుందా?

రాదు. ఇంటి పాలసీ నిప్పు, దొంగతనం, తుపాను లాంటివాటి కోసం. మోటారు వాహనం వల్ల ఇతరులకు జరిగిన హానిని సాధారణంగా అందులో మినహాయిస్తారు.

బండికి మోటారు పాలసీ వేరే కావాలి. మోటారు వాహనంగా తేలిన బండిని బహిరంగ స్థలంలో ఇన్సూరెన్సు లేకుండా తిప్పితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా 3 నెలల దాకా జైలు అని సెక్షన్ 196లో ఉంది. ఆ రెండు వేలు చూసి తేలిగ్గా తీసుకుంటారు గానీ అసలు దెబ్బ పరిహారం దగ్గర. పాలసీ తీసుకునేటప్పుడు 'వాడకం పరిమితులు' అన్న భాగం చదవండి. ప్రైవేటు కారు పాలసీల్లో కిరాయికి తిప్పితే వర్తించదు అని రాసి ఉంటుంది. షరతు ఉల్లంఘన జరిగితే కంపెనీ గాయపడ్డవాడికి ముందు కట్టేసి, ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకునేలా ట్రిబ్యునళ్ళు ఆదేశించడం మామూలే. లైసెన్సు లేనివాళ్ళు నడిపిన కేసుల్లో ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ తీర్పులో వివరంగా చెప్పింది. కాబట్టి 'కంపెనీ కట్టింది' అని ఊపిరి పీల్చుకున్న ఏడాదికి మీకే నోటీసు రావచ్చు.

బండితో సంబంధం లేకుండా మీ ఆవరణలో గెస్టుకు జరిగే హానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉంటుంది. హోటళ్ళు, రిసార్టులు తీసుకునేది అదే. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సు చట్టం కింద వచ్చేది వేరు. అది ప్రమాదకర రసాయనాలు వాడే పరిశ్రమల కోసం. పేర్లు ఒకేలా ఉండటంతో ఏజెంట్లు కూడా కలిపేస్తుంటారు. మీకు కావలసింది పరిశ్రమలు కానివాటికి ఇచ్చేది. అందులో కూడా రిజిస్ట్రేషన్ కావలసిన వాహనాల వల్ల జరిగినవి మినహాయించి ఉంటే, మోటారు పాలసీకి దీనికి మధ్య మీ కార్టు సందులో పడిపోతుంది. ఒక్క పని చేయండి. 'గెస్టులు ఎక్కే బ్యాటరీ గోల్ఫ్ కార్టు, తోటలోపల, మా డ్రైవరు నడుపుతాడు, వర్తిస్తుందా?' అని కంపెనీకే మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి. ఏజెంటు ఫోనులో 'అన్నీ కవర్ అవుతాయండీ' అంటే అది కవర్ అయినట్టు కాదు.

లైసెన్సు ఉన్న గెస్టుకు ఇస్తే?

లేనివాడికి ఇవ్వడం కంటే నయం. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన యజమానికి సెక్షన్ 180 కింద 5,000 జరిమానా లేదా 3 నెలల దాకా జైలు లేదా రెండూ ఉంటాయి. నడిపినవాడికి సెక్షన్ 181 విడిగా ఉంది. లైసెన్సు కాపీ తీసుకుంటే ఆ ముప్పు తప్పుతుంది. కార్లు నడిపే తరగతికి లైసెన్సు ఉందో, స్కూటరుకే ఉందో చూడండి. సంక్రాంతికి వచ్చే అమెరికా బంధువుల విషయంలో అక్కడి లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా అడగండి. అయితే ఫోటో తీసుకున్నది భర్త లైసెన్సుకు, సాయంత్రం నడిపేది బావమరిది. దాన్ని ఆపడం ఎవరివల్ల అవుతుంది?

పిల్లలు సరదాగా ఒక రౌండు వేస్తామంటారు. తోటలోనే కదా?

ఒప్పుకోవద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దే వద్దు.

సెక్షన్ 199ఎ 2019 సవరణతో వచ్చింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులు లేదా బండి యజమాని దోషి అవుతారు. 25,000 రూపాయల జరిమానా, 3 సంవత్సరాల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. 'నాకు తెలియకుండా తీశాడు' అని మీరే నిరూపించుకోవాలి. తాళం గోడకు మేకు మీద వేలాడుతుంటే అది నిరూపించడం ఎలా?

సంక్రాంతి మూడు రోజులూ ఇంకా జాగ్రత్త. ఒక్కో ఇంట్లో ఇరవై మంది దిగుతారు, పెద్దవాళ్ళు పందేలకో జగ్గన్నతోట తీర్థానికో పోతారు, ఇంటి దగ్గర మిగిలేది పిల్లలూ బండీను. గోల్ఫ్ కార్టుకు గేర్లు లేవు, క్లచ్ లేదు, చప్పుడు లేదు. తాళం తిప్పి కాలు నొక్కితే కదిలిపోతుంది, పన్నెండేళ్ళ వాడికి అంతకంటే ఏం కావాలి? ఆ రోజుల్లో బ్యాటరీ మెయిన్ స్విచ్ తీసేసి తాళం బీరువాలో పెట్టుకోండి.

తాగి నడిపితే తప్పు వాళ్ళదే కదా?

వాళ్ళదీ. సెక్షన్ 185 కింద మొదటిసారి 10,000 జరిమానా లేదా 6 నెలల దాకా జైలు నడిపినవాడికి. అయితే ఎదుర్లంక వంతెన దాటితే మందుకు పేరుపడ్డ యానాం. పగలు అటు వెళ్ళొచ్చి సాయంత్రం గెస్టులు ఏ స్థితిలో ఉంటారో మీ వాచ్‌మన్‌కు తెలుసు. తెలిసీ తాళం ఇచ్చాడంటే ఆ నిర్లక్ష్యంలో మీ వాటా కూడా ఉంటుంది.

కార్టు మెల్లగా పోయే బండి. దాంతో అంత ప్రమాదం ఏముంటుంది?

గోల్ఫ్ మైదానంలో మెత్తటి గడ్డి మీద తిరగడానికి పుట్టిన బండి ఇది. చాలా మోడళ్ళలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. తలుపులు ఉండవు. సీటు బెల్టులు చాలావాటికి రావు. దాన్ని తెచ్చి మన ఏటిగట్టు మీద పెడితే ఏమవుతుందో చూడండి.

గట్టు ఎక్కే దారి నిటారుగా ఉంటుంది, వానాకాలం నల్లరేగడి జారుతుంది. దిగేటప్పుడు బరువంతా ముందుకు తూగి వెనక చక్రాల పట్టు తగ్గుతుంది. బ్రేకు ఉన్నది వాటికే. స్టీరింగు కొంచెం గట్టిగా తిప్పితే పక్కకు ఒరుగుతుంది. ఒక పక్క గోదావరి, ఒక పక్క పల్లం. కాలువ గట్ల మీద కూడా ఇదే వరస. రెయిలింగు ఉండదు, రాత్రి దీపం ఉండదు, లాకుల దగ్గర మలుపు హఠాత్తుగా వస్తుంది.

వెనక్కి తిరిగి కూర్చునే సీటు అన్నిటికంటే చెడ్డది. నడిపేవాడికి అక్కడ ఎవరున్నారో కనిపించదు. బండి ఒక్క ఊపు ఊపి కదిలితే కూర్చున్న పిల్లలు ముందుకు, అంటే రోడ్డు మీదకే పడతారు. పట్టుకోవడానికి ఒక కమ్మీ ఉంటుంది, అది పెద్దవాళ్ళ చేతికి అందేంత దూరంలో ఉంటుంది. నన్నడిగితే ఆ సీటు విప్పేసి సామాను పెట్టుకునే చెక్క బిగించండి. పట్టుచీర కొంగు, చున్నీ చక్రంలోకి పోకుండా పక్కన రేకు కూడా కొట్టించండి. వీధి చివర వెల్డింగు షాపువాడు పూటలో చేసిస్తాడు. బండి అందం కాస్త పోతుంది, పోనీండి.

సార్వా కోతలప్పుడు, మళ్ళీ దాళ్వా కోతలప్పుడు రోడ్డు సగం ధాన్యమే. బరకం కప్పి చుట్టూ రాళ్ళు పేర్చి ఉంచుతారు. చీకట్లో ఆ రాయి చిన్న చక్రానికి తగిలితే బండి నిలవదు. ఇక తోటలోపల కొబ్బరికాయ సంగతి ఎవరూ తలవరు. కార్టు పైకప్పు పల్చటి ప్లాస్టిక్. దింపు తీసే రోజు ఆ వరసల్లోకి బండి వెళ్ళకూడదు. దారి మీదకు వంగిన చెట్లకు ఎండు మట్టలు, కాయలు ముందే దింపించాలి. ఇది మీ చెట్టు, మీ దారి, మీ బండి. కాయ పడితే ఇంకెవరి బాధ్యత అంటారు?

నెలకోసారి మెకానిక్ చేత బ్రేకులు, టైర్లు, స్టీరింగు చూపించి పుస్తకంలో తేదీ వేసి సంతకం తీసుకోండి. ఇందాక చెప్పిన సెక్షన్ 150కి మీ దగ్గరుండే జవాబు ఆ పుస్తకమే.

చార్జింగు ఇంటి వరండాలో పెడితే ఇబ్బందా?

లెడ్-యాసిడ్ బ్యాటరీలు చార్జింగు అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. మూసిన గదిలో, దీపారాధన దగ్గర, సిగరెట్లు కాల్చే వరండాలో వద్దు. గాలి ఆడే షెడ్డు, సరైన ఎర్తింగు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి తడి నేల మీద పెట్టే అలవాటు మానాలి.

జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరదొచ్చి లంకల్లోకి నీళ్ళు చేరితే బండిని ముందే మెరకకు చేర్చండి. మునిగిన బండిని ఎండబెట్టి గెస్టులకు ఇచ్చేయకండి. మోటారుకు కరెంటు వదిలే కంట్రోలర్‌లో తేమ ఉంటే నొక్కకుండానే బండి కదిలే ప్రమాదం ఉంది.

డ్రైవరును పెట్టుకుంటే బాధ్యత పోతుందా?

పోదు. మీ దగ్గర పనిచేసేవాడు పనిలో చేసిన తప్పుకు మీరే జవాబుదారీ. కానీ ఆ బాధ్యత మీ అదుపులో ఉండేది. లైసెన్సు మీరే చూస్తారు, ఏ దారిన పోవాలో, ఎక్కడ నెమ్మదించాలో అతనికి తెలుసు, తాగి ఉంటే పంపరు, ఇన్సూరెన్సు కంపెనీకి అతని వివరాలు ముందే చెప్పగలరు. ఊళ్ళోవాడైతే అది ఎవరి తోట, ఆ చెట్టు ఏ రకం, పక్కూళ్ళో ప్రభల తీర్థం ఎప్పుడు అన్న కబుర్లు కూడా చెబుతాడు. గెస్టులు రివ్యూల్లో రాసేది ఆ కబుర్ల గురించే. అతనికి పనిలో దెబ్బ తగిలితే, 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, 2020 వర్తిస్తుంది, దానికి కూడా పాలసీ తీసుకోండి.

ఇల్లు మాది, మేము ఉండేది అమెరికాలో. ఇక్కడ చూసుకునేది మేనేజరు. కేసు ఎవరి మీద?

ఇద్దరి మీదా వస్తుంది. బండి ఎవరి పేరున రిజిస్టరు అయిందో వాళ్ళే చట్టం దృష్టిలో యజమాని. ఊళ్ళో లేకపోవడం జవాబు కాదు. మేనేజరుతో ఒప్పందంలో బండి మెయింటెనెన్సు, ఇన్సూరెన్సు రెన్యువలు ఎవరి పనో స్పష్టంగా రాసుకోండి. అది మీ ఇద్దరి మధ్య లెక్కకు పనికొస్తుంది, గాయపడ్డవాడికి మాత్రం దానితో పనిలేదు.

అమెరికాలో అద్దె ఇళ్ళతో గోల్ఫ్ కార్టులు ఇస్తూనే ఉంటారు కదా? అక్కడ లేని గొడవ ఇక్కడెందుకు?

అక్కడ గొడవ ఇంకా పెద్దది. ఫ్లోరిడాలో ప్రమాదకరమైన సాధనాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చిన యజమాని, నడిపినవాడి తప్పుకు కూడా బాధ్యుడనే పాత సూత్రం ఒకటి ఉంది. గోల్ఫ్ కార్టు కూడా దాని కిందకే వస్తుందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. 2023 అక్టోబరు నుంచి అక్కడ 18 ఏళ్ళ లోపువాళ్ళు పబ్లిక్ రోడ్డు మీద కార్టు నడపాలంటే లైసెన్సో లెర్నర్ పర్మిటో ఉండాలి. గంటకు 20 నుంచి 25 మైళ్ళ వేగం పోయే బండ్లకు సీటు బెల్టు, లైట్లు, అద్దాలు తప్పనిసరి అని అమెరికా కేంద్ర ప్రభుత్వం 1998లోనే నియమం పెట్టింది. మీ అబ్బాయి అక్కడ ఇల్లు కొని అద్దెకిస్తుంటే, ఆ రాష్ట్రం చట్టం ఏమంటుందో అక్కడే కనుక్కోమనండి. రాష్ట్రానికో తీరు.

కార్టు బదులు సైకిళ్ళు ఇస్తే? పడవ ఇస్తే?

సైకిళ్ళు మంచిదే. బ్రేకులు చూసి ఇవ్వండి, చిన్నపిల్లలకు సరిపోయే సైజువి రెండు ఉంచండి.

పడవ మాత్రం కార్టు కంటే ప్రమాదం. ఇంజను పెట్టిన పడవకు 2021 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్సు కావాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. తెడ్డు వేసే నాటు పడవైనా సరే, సరంగు లేకుండా, లైఫ్ జాకెట్ లేకుండా గెస్టులకు అప్పగించకండి.

యాక్సిడెంటు అయిపోయింది. వెంటనే ఏం చేయాలి?

108కి ఫోను. గాయపడ్డవాళ్ళను ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకు చెప్పడం, ఇన్సూరెన్సు కంపెనీకి తెలియజేయడం సెక్షన్ 134 ప్రకారం నడిపినవాడి విధి. బండిని కదపకముందు ఫొటోలు తీయండి. బాగుచేయించకండి, బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించే దాకా అలాగే ఉంచండి.

'నడిపింది గెస్టు అని ఎందుకు, మన డ్రైవరే అని రాయిద్దాం, లైసెన్సు ఉంది కదా' అనే సలహా అరగంటలో ఎవరో ఒకరు ఇస్తారు. వినకండి. ఇప్పుడు ప్రతి ఫోనులో వీడియో ఉంది, వీధి చివర షాపుకు కెమెరా ఉంది. అబద్ధం బయటపడితే పాలసీ పోతుంది, తప్పుడు సాక్ష్యం కేసు అదనం, పాపం ఆ డ్రైవరు కుర్రాడు ఇరుక్కుంటాడు.

పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ చేసుకోవడం మన ఊళ్ళలో మామూలే. ఆసుపత్రి ఖర్చు పెట్టుకోవడం మానవత్వం, పెట్టుకోండి. కానీ ప్రాణం పోయిన కేసు ఆ రాజీతో ముగియదు, అది ప్రభుత్వం నడిపే కేసు. పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి వాళ్ళకు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలల గడువు ఉంది. అరుగు మీద ఎంత ఇచ్చినా బ్యాంకు ద్వారా ఇచ్చి, దేనికి ఇచ్చారో రాయించుకుని, కంపెనీకి ఒక కాపీ పంపండి. కంపెనీకి చెప్పకుండా తప్పు ఒప్పుకుని సొమ్ము ఖరారు చేస్తే, పాలసీ షరతు తప్పారని వాళ్ళు చేతులెత్తేయవచ్చు.